రాతి పర్దా

ఛటీ జమాత్‌లో నేను గీసిన గుర్రాన్ని అబ్బా చింపేశారు. "ఖయామత్ రోజున దీనికి జాన్ పోయమంటారు, పోస్తావా?" అన్నారు. ఆ ఖౌఫ్‌తో ముప్పై ఏళ్లు పెన్సిల్ ముట్టలేదు.

ఇప్పుడు ఇత్వార్ వస్తే తస్వీర్ల నుమాయిష్ ఎక్కడుందా అని వెతుకుతాను. నుమాయిష్ అంటే నాంపల్లిది కాదు! నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గీసిన మేకల ముందు గంటసేపు నిలబడ్డాను. అచ్చం మా గల్లీ బక్రాలే. ఇంటికొచ్చి కాపీలో గీస్తే కుక్కలయ్యాయి.

మొన్న అబ్బాను సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్లాను, ఖురాన్ ఖత్తాతీ చూపిద్దామని. ఆయన దారిలోనే ఆగిపోయారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న బెంజోనీ రెబెక్కా ముందు. "సుభానల్లా! రాతికి ఇంత పల్చటి పర్దా ఎట్లా కప్పాడు బేటా?"

కాపీ నా బ్యాగులోనే ఉంది. తీయలేదు.