కూడలి దీపములు

గోదావరి తీరమున, ఖానాపూర్ పరిసరములలో, సదర్‌మాట్ అను పాత ఆనకట్ట యొకటి కలదు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి 2016లో నిర్మల్ జిల్లాలో చేరిన ప్రాంతమిది. 1891-92 సంవత్సరములలో కట్టిన యీ ఆనకట్టను 2018లో నీటిపారుదలకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము వారసత్వ కట్టడముగా గుర్తించినది. ఇట్టి కాలువల క్రిందను చెరువుల క్రిందను సేద్యము సాగు పల్లెలలో నీరటికాడను వాడొకడుండును. వాడు నీటిని పుట్టింపలేడు. ఉన్న నీటిని వంతులు వేయుటయే వాని పని. ఏ తూము ఎప్పుడు తెరువవలెను, ఎంతసేపటికి మూయవలెను, చివరి మడి ఎండకుండ మొదటి మడిని ఎంతవరకు తడుపవలెను అనునవి వానికి కంఠపాఠముగా నుండును. చెరువు నిండియున్నప్పుడు వానిని తలచువారుండరు. నీరు తరిగిన సంవత్సరమున మాత్రము ఊరి పెద్దలు సయితము వాని మాటకు తల యొగ్గుదురు.

మహానగరములలో నాలుగు దారులు కలియు చోట, అనగా తెలంగాణమున చౌరస్తా అని పిలుచు చోట, ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో వెలుగు దీపములు చేయునదియు అచ్చముగా ఈ పనియే. అవి దారిని ఒక్క జానెడైనను వెడల్పు చేయజాలవు. ఒకే చోటును ఒకే క్షణమున నలుగురు కోరునప్పుడు, వారికి ఆ చోటును కాలముచే పంచి యిచ్చును. ఇందు పంచబడునది కాలమే గాని దారి కాదు. ఈ సంగతి తెలిసినచో నేడు నగరములు కోట్ల రూపాయలు వెచ్చించి పాత దీపములను తీసి క్రొత్తవి నిలుపుటలోని మర్మము బోధపడును. ఆ పంపకములో ఎవరికి తక్కువ చేరుచున్నదో కూడ విచారింప వీలగును.

ఈ దీపములు రైలుమార్గము నుండి రాచబాటకు వచ్చినవి. లండను నగరమున పార్లమెంటు భవనము చెంత, 1868 డిసెంబరులో, నైట్ అను రైల్వే ఇంజనీరు ఒక స్తంభమును నిలిపెను. పగలు దానికి చేతులవంటి పలకలు లేచి దిగుచుండెను; రాత్రి వాయువుతో వెలుగు ఎఱ్ఱని, పచ్చని దీపములుండెను. ఒక పోలీసు ప్రక్కన నిలిచి దానిని త్రిప్పవలెను. నెల తిరుగకమునుపే, 1869 జనవరిలో, వాయువు పేలి ఆ పోలీసు గాయపడెను. దానితో ఆ ప్రయత్నము మూలబడెను. ఆనాడు వీధిలో నడచినవి గుఱ్ఱపు బండ్లే. మోటారు బండ్లు ప్రబలిన పిమ్మట, 1914 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపములు వెలసెను. 1920లో డెట్రాయిట్ నగరపు పోలీసు ఉద్యోగి విలియం పాట్స్ ఎఱుపునకును పచ్చకును నడుమ పసుపును చేర్చెను. చూచుటకిది అల్పమైన మార్పు. అయినను వేగముగా వచ్చు బండి ఒక్క క్షణములో ఆగజాలదని గ్రహించి, దానికి కొంత వ్యవధినిచ్చిన మహోపకార మిదియే.

మొదటి విద్యుద్దీపములు గడియారములవంటివి. ఒక దారికి నలుబది సెకన్లు, రెండవదానికి నలుబది సెకన్లు అని నిర్ణయించినచో, దారిలో బండి యున్నను లేకున్నను అట్లే నడచును. తెల్లవారుజామున నాలుగు గంటలకు చుట్టుప్రక్కల పురుగైనను లేని చోట, ఒంటరి పాలబండి ఎఱ్ఱదీపము నెదుట నిలిచియుండవలెను. పాఠశాలలు విడుచు వేళ ఒక ప్రక్క బారులు తీరిన బండ్లుండగా, వేఱొక ప్రక్క ఖాళీ దారికి పచ్చదీపము నిశ్చింతగా వెలుగుచుండును. ఇట్టి సమయమున పోలీసు యంత్రమును ఆపి, స్వహస్తముతో దారులను విడుచుట నగరవాసులెల్లరును ఎఱుగుదురు. కండ్లున్నవాడు కండ్లు లేనిదాని పనిని తన చేతికి తీసికొనుట సహజమే గదా! అయితే ఆ పోలీసునకు కానవచ్చునది తన చౌరస్తా మాత్రమే. అచ్చట విడిచిన బండ్ల వరుస అరమైలు దూరమున ఎవరికి అడ్డుపడునో అతనికి తెలియదు.

ఒక చుట్టు, అనగా దీపము అన్ని దారులకును వంతు తీర్చి మొదటికి వచ్చు కాలము, ఎంత యుండవలెను? ఇంగ్లాండులో వెబ్‌స్టర్ అను పరిశోధకుడు 1958లో దీనికొక సూత్రమును ప్రకటించెను. ఎనిమిదవ తరగతి గణితమే దానికి చాలును. దీపము మారినప్పుడెల్ల కొంత కాలము వ్యర్థమగును. ఒక చుట్టులో అట్టి వ్యర్థకాలము పది సెకన్లనుకొందము. ఒక దారికి ఎడతెగక పచ్చదీపమే యున్నచో ఎన్ని బండ్లు దాటగలవో అది ఆ దారి శక్తి. నిజముగా వచ్చు బండ్లు ఆ శక్తిలో ఎంత భాగమో లెక్కించి, ఒక్కొక్క వంతునకు మిక్కిలి రద్దీ గల దారి భాగమును తీసికొని, వానిని కూడవలెను. ఇక సూత్రము: వ్యర్థకాలమును ఒకటిన్నరచే గుణించి ఐదు కలుపవలెను, ఒకటిలో నుండి పై మొత్తమును తీసివేసి, మిగిలినదానిచే భాగింపవలెను. పది సెకన్ల వ్యర్థకాలమునకు లవము 20 వచ్చును. భాగముల మొత్తము 0.6 అయినచో చుట్టు 50 సెకన్లు. 0.8 అయినచో 100 సెకన్లు. 0.9 అయినచో 200 సెకన్లు. మొత్తము ఒకటి అయినచో సున్నతో భాగింపవలసివచ్చును; అది యసాధ్యము. ఏ యంత్రమును, ఏ మేధావియు ఆ చౌరస్తాను దీపములతో చక్కదిద్దలేరని ఆ సున్న చెప్పుచున్నది.

ఖానాపూర్‌కు తూర్పున కడెం నదిపైనున్న జలాశయము వద్ద ఈ సున్న యెట్లుండునో జనులు కన్నులార చూచిరి. 1958లో ఆ కట్టపై నుండి వరద పొర్లి గండి పడెను. అటుపిమ్మట గేట్ల సంఖ్య 18కి పెరిగెను. 2022 జులైలో గేట్ల శక్తికి మించిన వరద వచ్చెను. అందొక గేటు తెరుచుకొననేలేదు. దిగువ గ్రామములవారిని సురక్షిత స్థలములకు పంపవలసివచ్చెను. ఎగువ నుండి నీరెంత వచ్చుచున్నదో ముందుగా తెలియుట వలన గేట్లెత్తు వేళను నిర్ణయింపవచ్చును, ప్రజలను హెచ్చరింపవచ్చును, కాని వచ్చిన వరద యంతటిని ఉన్న గేట్లలో నుండియే పంపుట తెలివికి లోబడిన పని కాదు. నగరమునకు ప్రతి సంవత్సరమును వేలకొలది క్రొత్త బండ్లు చేరుచుండగా, దీపములు మార్చినంతనే రద్దీ మాయమగునని ఆశించువారు ఈ సంగతిని మరచుచున్నారు.

అట్లని క్రొత్త పద్ధతి వ్యర్థము కాదు. కడెం వద్ద ఎగువ వార్త ఎట్టిదో, చౌరస్తాకు ప్రక్క చౌరస్తా వార్త అట్టిది. రెండు చౌరస్తాల నడుమ దూరము 500 మీటర్లని, బండ్లు గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు పది మీటర్ల చొప్పున, పోవునని అనుకొందము. మొదటి పచ్చదీపము వెలిగిన 50 సెకన్లకు రెండవ చోట పచ్చదీపము వెలిగినచో, అచ్చట విడువబడిన గుంపు ఇచ్చట ఆగకుండ సాగిపోవును. దీనిని పచ్చని అల యందురు. ఇట్టి సమన్వయమునకు అన్ని దీపములును ఒక చోటికి లొంగియుండవలెను. కంప్యూటరుచే నగర దీపములను నడిపిన మొదటి నగరములలో కెనడాలోని టొరాంటో యొకటి. అది 1963 నాటి మాట. తరువాతి దశాబ్దమున గ్లాస్గో, సిడ్నీ నగరములలో మఱొక మెట్టు ఎక్కిరి. బాట క్రింద పాతిన తీగచుట్టలు తమపై బండి యున్నదని తెలుపగా, రద్దీని బట్టి యంత్రమే వంతులను హెచ్చించి తగ్గించు పద్ధతులు అచ్చట రూపొందినవి. కేంద్రముతో తీగ తెగినను చౌరస్తా చీకటి గాకుండ, ప్రతి స్తంభము చెంత నొక పెట్టెలో పాత వంతుల పట్టిక భద్రపరుపబడియుండును. బాటలను మాటిమాటికి త్రవ్వు మన నగరములలో ఈ జాగ్రత్త ఎంత యవసరమో వేఱుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున మఱొక చిక్కు కలదు. పాశ్చాత్య నగరములలో బండ్లు గీతల నడుమ ఒకదాని వెనుక నొకటి నిలుచును. ఇచ్చట బస్సు ప్రక్కన ఆటో, ఆటో ప్రక్కన నాలుగు మోటారు సైకిళ్లు, వాని సందున తోపుడు బండి నిలుచును. పాతిన తీగచుట్ట ఈ సందడిని లెక్కింపలేదు. అందువలన తిరువనంతపురమునందలి సి-డాక్ సంస్థ మన రద్దీకి తగిన పద్ధతి నొకదానిని రూపొందించినది. నేడు కెమెరాలు కూడ తోడ్పడుచున్నవి. హైదరాబాదులో 2010 తరువాతి దశాబ్దమున భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ద్వారా అనేక కూడళ్లలో కేంద్రముతో ముడివడిన సిగ్నళ్లు ఏర్పడినవి. 2022 ఆగస్టు 4వ తేదీన బంజారాహిల్స్‌లో పోలీసు శాఖవారి సమీకృత నియంత్రణ కేంద్రము ప్రారంభమయినది. అచ్చటి గోడపై నగరపు దారులు చిత్రములుగా కదలుచుండును. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరిన కరీంనగరమును ఈ బాట పట్టినది. ఇంత యేర్పాటునకును హద్దు కలదు. 2021 ఫిబ్రవరి 2వ తేదీన దాత యొసగిన హృదయమొకటి హైదరాబాదులో నాగోలు నుండి జూబిలీహిల్స్ వరకు చేరవలసివచ్చినప్పుడు, వైద్యులు దానిని దారిపై కాక మెట్రో రైలులో తరలించిరి.

వీనియన్నిటిలోను మిక్కిలి ఆలోచింపదగిన దొకటి మిగిలియున్నది. యంత్రము తాను చూచినవానికే వంతు వేయును. తీగచుట్ట ఇనుమును గుర్తించును; కాలినడకను వచ్చు మనిషి దానికి లేనట్లే. నీరటికాడు చివరి మడి రైతును పేరుపెట్టి ఎఱుగును. చౌరస్తా యంత్రమునకు అట్టి యెఱుక ఎవరైనను కల్పింపవలెను. పాదచారులకై మీట గల సిగ్నళ్లు హైదరాబాదులో పలుచోట్ల ఏర్పడినవి. మీట నొక్కినచో బండ్లకు ఎఱుపు వెలిగి, నడచువారికి దారి దొరకును. దొరికిన ఆ దారి ఎంతసేపు ఉండును? ఇంజనీరులు సాధారణముగా నడకవేగమును సెకనుకు 1.2 మీటర్లుగా లెక్కకట్టుదురు. దారి వెడల్పు 24 మీటర్లయినచో 20 సెకన్లు చాలునని తేలును. బడికి పోవు బాలునకు ఈ లెక్క సరిపోవును. మోకాళ్ల నొప్పితో, చేతిలో మందుల సంచితో, ఆసుపత్రి నుండి తిరిగివచ్చు ముసలమ్మ నడక సెకనుకు 0.8 మీటర్లనుకొందము. ఇరువది సెకన్లు గడచునప్పటికి ఆమె 16 మీటర్లు దాటియుండును. మిగిలినవి 8 మీటర్లు. అప్పుడు రెండు ప్రక్కలనున్న మోటారు సైకిళ్లు ఇంజనులను గుర్రుమనిపించుచుండును. ఆమె ముందునకు పోవలెనా, వెనుకకు మరలవలెనా?

ఆమె చేయు తప్పేమియు లేదు. పచ్చబొమ్మ వెలిగిన తరువాతనే ఆమె అడుగు పెట్టినది. లెక్క కట్టినవారు ఆమెను లెక్కలో వేయలేదు. నియంత్రణ కేంద్రపు గోడపై వరుసలు తగ్గినట్లును, బండ్ల వేగము పెరిగినట్లును అంకెలు చూపునప్పుడు కూడ ఆ ఎనిమిది మీటర్లు ఏ పట్టికలోను కానరావు. ఒక చుట్టులో పది సెకన్లు ఆమెకిచ్చినచో బండ్లకు పది సెకన్లు తగ్గును. కాలము నీటివలె తఱుగని నిధి కాదు గదా. కావున ఈ పది సెకన్లు ఎవరివో తేల్చునది యంత్రము కాదు, దానికి ఆజ్ఞలు వ్రాయు మనుష్యులే.

సింగపూరు ప్రభుత్వము 2009లో ఈ విషయమున ఒక యేర్పాటు చేసినది. అచ్చటి వృద్ధులకును వికలాంగులకును ఇచ్చిన కార్డును సిగ్నలు స్తంభముపైనున్న పెట్టెకు తాకించినచో, పచ్చబొమ్మ మరికొంతసేపు వెలుగును. దారి వెడల్పును బట్టి మూడు మొదలు పదమూడు సెకన్ల వరకు ఎక్కువ వ్యవధి దొరకును. పైన చెప్పిన ముసలమ్మకు కావలసినవి పది.