మాట్లాడితే తగ్గుతుందా?

మనలో ఎవరికైనా మోకాళ్ల నొప్పి వస్తే ఇరుగు పొరుగు అందరికీ చెప్పుకుంటాం. షుగరు వచ్చిందంటే ఏ డాక్టరు మంచిది, ఏం తినాలి, ఏం తినకూడదు అని పది మంది పది సలహాలు ఇస్తారు. అదే "నాకు మనసు బాగుండటం లేదు" అని ఒక్కసారి అని చూడండి! "నీకేం తక్కువమ్మా? మొగుడు మంచోడు, పిల్లలు బుద్ధిమంతులు" అంటారు. కాస్త చనువున్న వాళ్లయితే "ఎర్రగడ్డకు తీస్కపోవాల్నా ఏంది?" అని నవ్వుతారు. మనం కూడా నవ్వేసి పొయ్యి దగ్గరకు వెళ్లిపోతాం. అవునా, కాదా?

మాది గద్వాల. 2016లో జిల్లా కేంద్రం అయింది గానీ, ఇప్పటికీ కోట దగ్గర తుమ్మితే రైల్వే స్టేషను దగ్గర వినిపించే ఊరే. ఇలాంటి చోట మనసు డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే ఎవరు చూస్తారో అన్న భయమే సగం జబ్బు. నేను మా మేడ మీద గదిలో కూర్చుని, హైదరాబాదులో ఉన్న ఒక సైకాలజిస్టుతో ఫోన్లో నాలుగు నెలలు మాట్లాడాను. నాలాంటి వాళ్లు మీలోనూ ఉంటారని ఇది రాస్తున్నాను.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఆరేళ్లు మంచంలో ఉన్నారు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రాత్రిళ్లు ఆ పని నాదే. 2022లో ఆమె పోయారు. మరుసటి ఏడు బిడ్డ పెళ్లయి పుణె వెళ్లింది, కొడుకు ఇంజనీరింగుకని హైదరాబాదు హాస్టలుకు పోయాడు. మావారు చీరల కొట్టు కట్టేసి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. "ఇక నీకు విశ్రాంతి" అన్నారందరూ. నాకేమో రాత్రి రెండున్నరకు టక్కున మెలకువ. గుండె దడ. అన్నం సయించదు. చిన్న మాటకే కళ్లల్లో నీళ్లు. "వయసు కదా, అంతే" అనుకుంటూ ఏడాది గడిపాను.

ఫోన్లో నా గొంతు విని పసిగట్టింది మా బిడ్డే. సైకాలజిస్టును వెతికి, ఆమె చదువు, రిజిస్ట్రేషను చూసి, శనివారం పదకొండు గంటలకు మాట్లాడేలా కుదిర్చింది. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. ఈ పిల్ల నాకేం చెబుతుందిలే అనుకున్నాను.

ఆమె ముందుగా చెప్పడం కాదు, అడిగింది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నెలసరి సరిగా వస్తోందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. తర్వాత "ముందు థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండమ్మా, శరీరంలో లోపం ఉంటే ఎన్ని మాటలు మాట్లాడినా తగ్గదు" అంది. రక్తం తక్కువగా ఉందని తేలింది, ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను.

మా అమ్మ కాలంలో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనం' నడిపేవారు. ఆ తర్వాత స్వాతిలో 'నన్ను అడగండి'. ఆడవాళ్లు ఉత్తరం రాస్తే ఆవిడ జవాబు ఇచ్చేవారు. ఇదీ అలాగే ఉంటుందనుకున్నాను, ప్రశ్న నాది, జవాబు వాళ్లది అని. కానీ ఇక్కడ జవాబు కూడా మనమే వెతుక్కోవాలి. "నేనేం చేయాలమ్మా?" అంటే, "మీకేమనిపిస్తోంది?" అని ఎదురడిగేది. మొదట్లో దీనికా డబ్బులు కట్టేది అని విసుగొచ్చింది కూడా!

ఐదో వారం అనుకుంటాను, "అత్తమ్మ పోయినప్పుడు మీకు మొట్టమొదట ఏమనిపించింది?" అని అడిగింది. ఎవరికీ చెప్పని మాట అది. చాలాసేపు నోరు పెగల్లేదు. చివరికి "హమ్మయ్య అనిపించిందమ్మా" అన్నాను. చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ అమ్మాయి కంగారు పడలేదు, ఏడవొద్దనలేదు, ఆగింది. తర్వాత అంది: "ఏళ్ల తరబడి రోగికి సేవ చేసిన వాళ్లలో చాలామందికి అలాగే అనిపిస్తుంది. ప్రేమ లేక కాదు, అలసిపోయి. రెండూ ఒకే మనసులో ఉంటాయి. మీ అత్తమ్మ లేరని మీకు తెలుసు. రెండున్నరకు లేచే మీ ఒంటికి ఇంకా తెలియదు." ఆ ఒక్క మాటతో నా గుండెల మీద రాయి దించినట్లయింది.

ఆమె చేయించిన పనులు చాలా చిన్నవి. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చోవాలి, నిద్ర వస్తేనే మళ్లీ పడుకోవాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. సాయంత్రం టీ మానాలి. దిగుళ్లకు రోజూ ఐదు గంటలకు పావుగంట కేటాయించి పాల లెక్క రాసినట్లు పుస్తకంలో రాసేయాలి, మిగతా వేళ గుర్తొస్తే "ఐదింటికి చూద్దాం" అనుకోవాలి. ఇంకొకటి, ఒకప్పుడు ఇష్టంగా చేసి వదిలేసిన పని మళ్లీ చేయాలి. నేను చీర కొంగులకు కుచ్చులు వేసేదాన్ని. మళ్లీ మొదలుపెట్టాను. ఆ "హమ్మయ్య" సంగతి మావారితో కూడా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నాక్కూడా అట్లనే అనిపించింది" అన్నారు. ముప్ఫై ఏళ్ల కాపురానికి దగ్గర పడ్డాక మేమిద్దరం అత్తమ్మ గురించి మనసు విప్పి మాట్లాడుకుంది ఆ రాత్రే.

అంతా అద్భుతంగా మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ ఒక్కోసారి మెలకువ వస్తుంది. కాకపోతే అదెందుకో తెలుసు కనుక భయం లేదు.

మనది అరుదైన సమస్యేం కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వంద మంది పెద్దల్లో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. డబ్బు కట్టే వీలు లేకపోతే ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కు ఏ వేళలో చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం చేసేవాళ్లు మన విషయాలు గోప్యంగా ఉంచాలి. సైకాలజిస్టు మాటలతో చేస్తారు, మందులు రాసేది సైకియాట్రిస్టు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక కూడా. చచ్చిపోవాలనిపిస్తున్నా, లేని మాటలు చెవిలో వినిపిస్తున్నా వారం వారం ఫోను కోసం ఆగకూడదు, ఇంట్లో వాళ్లకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే ఓర్చుకోమని ఎవరు చెప్పినా వినకండి, 181కి ఫోను చేయండి.

గ్యాసు బుకింగు నంబరు వంటింట్లో ఎక్కడ రాసుకున్నారో, దాని పక్కనే 14416 కూడా రాసి పెట్టుకోండి. మీకు అవసరం లేకపోయినా, మీ ఇంటికి వచ్చే ఏ వదినకో, ఏ చెల్లెలికో అవసరం పడొచ్చు.