గరాటు లోపల

ట్రిగ్గర్ ఫిష్ ఎదురైతే పైకి లేవొద్దని పడవ మీద మా గైడ్ రెండుసార్లు చెప్పాడు. ఒకసారి హిందీలో అందరికీ, ఇంకోసారి తెలుగులో మా ఇద్దరికీ. "పైకెళ్తే ఇంకా తరుముతాది సార్, అడ్డంగా ఈదుకుంటూ పొండి." వాళ్ల తాతగారిది శ్రీకాకుళం జిల్లా. అండమాన్‌లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి.

నేనూ మా బావమరిదీ ప్రగతి నగర్ నుంచి వెళ్లాం. స్కూబా నేర్చుకున్నది సిటీలో ఈత కొలనులో. మాస్కులో చేరిన నీళ్లు ఊదేయడం, ఊపిరి బిగబట్టకుండా ఉండటం వచ్చాయి. కొలనులో చేపలుండవు కదా!

2018 దాకా హ్యావ్‌లాక్ అన్న స్వరాజ్ ద్వీప్ దగ్గర దిగాం. 12 మీటర్ల లోతున, పగడాల నడుమ ఇసుకలో వెడల్పాటి గుంట. దాని మీద టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ తలకిందులుగా నిలబడి గుడ్ల మీదికి నోటితో నీళ్లు ఊదుతోంది. ఈ జాతి 75 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పగడాలను, సీ అర్చిన్‌ల గట్టి పెంకులను పటపటా కొరికేసే పళ్లు. మామూలప్పుడు మనిషి జోలికి పెద్దగా రాదు. గుడ్లున్నప్పుడే ఈ కోపమంతా.

గైడ్ చేతిని పిస్తోలులా పెట్టి చూపుడువేలు ఆడించాడు. అప్పటికే అది పక్కకి ఒరిగి, ఒక కంటితో మమ్మల్ని కొలుస్తోంది. వీపు మీది ముల్లు నిక్కబొడుచుకుంది. మరుక్షణం సూటిగా నా మీదికి.

ఒళ్లంతా పైకే లాగింది. నీళ్లలో భయమేస్తే ఎవరికైనా వెలుతురున్న వైపే పోబుద్ధవుతుంది. కానీ ఆ చేప తనదనుకునే చోటు గూటి దగ్గర ఇరుకుగా మొదలై, గరాటులా పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. పైకి పోతున్నవాడు దాని ఇలాకాలోనే ఉంటాడు. పైగా, ఆ లోతున నింపుకున్న ఊపిరిని బిగబట్టి ఒక్కసారిగా పైకి వస్తే ఛాతీలో గాలి రెట్టింపు దాటి ఉబ్బుతుంది. చేప కాటు కన్నా అదే ప్రమాదం.

అందుకే వెల్లకిలా తిరిగి, ఫిన్స్‌ను దానికి అడ్డుపెట్టి, వెనక్కి ఈదాను. కుడి ఫిన్ మీద టక్కుమని దెబ్బ. మళ్లీ ఒకటి. రబ్బరు పట్టుకుని ఊపేసింది కూడా. మా బావమరిది నాకన్నా వేగంగా పక్కకి జారుకున్నాడు. ఆ విషయం ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోడు. కొంత దూరం తరిమి, ఎవరో పిలిచినట్టు చటుక్కున వెనుదిరిగి గూటికి వెళ్లిపోయింది.

తిరిగొస్తుంటే ఎనిమోన్ పొదలోంచి ఓ క్లౌన్ ఫిష్ దూసుకొచ్చి నా మాస్కు గాజును పొడిచింది. వేలెడంత లేదు. ఆ గుంపులో పెద్దది ఆడదే, కాపలాలో ముందుండేదీ అదేనట. పడవెక్కాక గైడ్ నవ్వాడు: "దానికి పళ్లుంటే సార్, ట్రిగ్గర్ కంటే అదే డేంజరు."

సాయంత్రం బావమరిది గోప్రో వీడియో పెట్టాడు. నా ఫిన్ సగం, ఆ పైన వాడి మోకాలు. మిగతాదంతా బుడగలు.