చేయి యడ్డుపెట్టిన ప్రశ్న

బేగంబజారులో మా యిల్లు పాత్రల దుకాణములకు వెనుకనున్న సందులో గలదు. మార్వాడీలు, గుజరాతీలు, తెలుగువారు, మహమ్మదీయులు భుజములు రాచుకొని తిరుగు తావు అది. ఇట్టిచోట పెరుగు బిడ్డలకు మనుష్యులలోని భేదములను గూర్చి వేరుగా చెప్పవలసిన దేమున్నదని చాలకాలము తలచితిని.

గడచిన పెండ్లిండ్ల కాలమున ఒక యూరేగింపు మా సందు మొగలో నిలిచినది. ముందు మర్ఫా మేళము. వాయించువారిలో నొకడు సిద్దీ. ఐదేండ్ల మా కుమారుడు వ్రేలు చూపి, "నాన్నగారూ, ఆ మామ యెందుకంత నల్లగా నున్నాడు? కాలిపోయెనా?" అని బిగ్గరగా నడిగెను. వాని నోటికి చేయి యడ్డుపెట్టి, "తప్పు! అట్లనరాదు" అని లోపలికి లాగుకొని వచ్చితిని. సిగ్గుపడితిని గాని, మర్యాద కాపాడితినను సంతృప్తియు కొంత లేకపోలేదు.

ఆ రాత్రి తొమ్మిదేండ్ల మా కుమార్తె నన్ను సమీపించి, "నల్లగా నుండుట తప్పా?" అని యడిగెను. ఆమెది మా తల్లిగారి రంగు. నేనట్లనలేదంటిని. "తమ్ముని నోరు మూసితిరి గదా!" అనెను.

కృష్ణ శబ్దమునకు నలుపే యర్థమనియు, ద్రౌపదికిని అదియే పేరనియు పాఠశాలలో గంటసేపు చెప్పగలవాడను. మా యింట మాత్రము ప్రతి ఆదివారమును ఆ పిల్లకు సున్నిపిండి రుద్దుచు, "కాస్త రంగు తేలును" అని మా తల్లిగారనుట వినియు నూరకుంటిని. 1940 ప్రాంతమున అమెరికాలో క్లార్కు దంపతులు చిన్న పిల్లలకు తెల్లబొమ్మను నల్లబొమ్మను చూపగా, నల్లజాతి పిల్లలలోనే పెక్కుమంది తెల్లబొమ్మను మంచిదనిరట. దానిని వారికెవరు పాఠముగా చెప్పిరి?

మరునాడు ఇద్దరిని కూర్చుండబెట్టుకొంటిని. ఎండ తీవ్రముగా నుండు దేశములలో తరతరములుగా బ్రదికినవారి చర్మమున రంగుద్రవ్యము హెచ్చనియు, అది యెండనుండి కాచుననియు చెప్పగా, పిల్లవాడు "అయితే అక్క గొడుగుతో పుట్టినది" అనెను. ఆ మేళగాని పూర్వులు ఆఫ్రికావారనియు, వనపర్తి సంస్థానమునుండి నిజాము కొలువునకు వచ్చిన ఆఫ్రికా అశ్వదళము పేరుననే ఏ.సీ. గార్డ్స్ పేట వెలసినదనియు, 1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిమ్మట దళము పోయినను వారి సంతతి యిచటనే యున్నదనియు చెప్పితిని. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమ్మదునగరు రాజ్యమునకు మంత్రియై మొగలులను ఎదిరించిన మాలిక్ అంబరు కథ పిల్లవానికి మిక్కిలి నచ్చినది.

పిల్లకు కథ చాలలేదు. "మనుష్యులను అమ్మిరా? మనవారును అట్టి పనులు చేసిరా?" అనెను. ఇచట తప్పించుకొనబుద్ధి పుట్టినది. కాని, కొన్ని కులముల బిడ్డలను బడికి రానీయకపోగా, వారికొరకు భాగ్యరెడ్డి వర్మ ఈ నగరముననే పాఠశాలలు పెట్టవలసి వచ్చెనని చెప్పితిని. మా తాతగారి యింట అట్టివారికి దోసిలిలో నీరు ఎత్తి పోసెడివారనియు చెప్పితిని. "మీరు చూచితిరా?" చూచితిని. "ఏమనిరి?" ఏమియు ననలేదు.

ఆదివారము మా తల్లిగారు సున్నిపిండి గిన్నెతో వచ్చిరి. పిల్ల, "మురికి పోవుటకైన రుద్దుము నాయనమ్మా, రంగు పోవుటకైన వద్దు" అనెను. ఆమె తన చేతులవైపు కొంతసేపు చూచుకొని, గిన్నె క్రింద పెట్టిరి.