మేళం కట్టిన నాడే వీణ

మాది బొబ్బిలి పక్కన గొల్లపల్లి. పనస దుంగ మీద బాడిస పడగానే లేచే పసుపుపచ్చని పొట్టు వాసన నాకు అన్నం వాసనంత అలవాటు. పన్నెండో ఏట ఉలి పట్టాను. ఇప్పుడు డెబ్బై దాటాయి.

బొబ్బిలి వీణంటే ఏకాండి వీణ. కుండా దండీ ఒకే దుంగలోంచి రావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. కుండ మీద మూసే పలక, దండి కింద తగిలించే బుర్ర మాత్రం వేరుగా చేస్తాం. కుండ లోపల తొలిచేటప్పుడు గోడ ఎంత పలచనైందో ఏ కొలబద్దా చెప్పదు. వేలి కణుపుతో బయట తట్టి వినాలి. ఇంకా దళసరిగా ఉంటే మొద్దుగా పలుకుతుంది. తొలిచేకొద్దీ ఆ మోత తేటపడుతుంది. ఎక్కడ ఆపాలో అక్కడే ఆపాలి.

ఇరవయ్యో ఏట నేను ఆపలేకపోయాను. చెయ్యి తిరిగిందన్న ధీమాతో ఇంకో రెండు పొరలు తీశాను. గోడ పగిలింది. జిగురు పెట్టి, పైన లక్క పూసేస్తే ఎవరికీ తెలియదన్నాను. నాన్న తిట్టలేదు. ఆ దుంగను కోసి పీటలు చేశాడు. ఏళ్ల తరబడి మా ఇంట్లో భోజనాలు ఆ పీటల మీదే. ముద్ద ఎత్తిన ప్రతిసారీ ఆ పగులు చప్పుడు నా చెవిలో మెదిలేది.

చెక్కుడు పనంతా చూసి జనం మెచ్చుకుంటారు. యాళి ముఖం చూస్తారు, నగిషీ తడుముతారు. ఆ నగిషీకి మా పెద్దల కాలంలో ఏనుగు దంతం వాడేవారు, అది నిషేధమయ్యాక ప్లాస్టిక్ వచ్చింది. అసలు పని మాత్రం మేళం కట్టడమే. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచి, దండి మీద రెండు గట్లు పోసి, వాటి మీద 24 ఇత్తడి మెట్లు నిలపాలి. 12వ మెట్టు తీగ సగం దగ్గరకు వస్తుంది, అక్కడ పై షడ్జం. ఆ పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరపడతాయి, వెంట్రుకవాసి తేడా కూడా తెలిసిపోతుంది. సారణి మీద సరిగ్గా పలికిన మెట్టు పంచమం తీగ మీద తప్పొచ్చు. మంద్రం, అనుమంద్రం కూడా చూసుకుని, నాలుగు తీగలకూ ఒప్పేదాకా మెట్టును కాస్త అటూ ఇటూ వాల్చుతాం. మైనం ఆరేలోగా ఆ పని అయిపోవాలి. అప్పుడు నన్ను ఎవరూ పలకరించకూడదు, వీధిలో మైకు మోగకూడదు. అందుకే చాలా మేళాలు తెల్లవారుజామునే కట్టాను.

రెండేళ్లుగా పై స్థాయి మెట్ల దగ్గర నా కుడి చెవి సరిగా అందుకోవడం లేదు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. "తాతా, ఇంకాస్త కిందికి" అంటాడు. జరుపుతాను. వాడు చెప్పిందే నిజమవుతోంది. మొదటిసారి అలా జరిగిన రోజు నాకు ఏడుపొచ్చింది, అది దుఃఖంతో వచ్చింది కాదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎక్కువ పని బొమ్మ వీణలది. సన్మానాలకూ పెళ్లిళ్లకూ జ్ఞాపికలుగా పట్టుకెళ్తారు. అవి మాకు కూడు పెడుతున్నాయి, వాటిని తప్పుపట్టను. కానీ వాటికి మేళం అక్కర్లేదు. వాటి మీదే పెరిగిన కుర్రాడికి ఉలి వస్తుంది, చెవి రాదు. వాయించే వీణకు బేరం వస్తేనే వాడికి వినే పని దొరుకుతుంది. నా దిగులంతా ఇదే.

మీ ఇంట్లో అమ్మదో అమ్మమ్మదో వీణ గోడకు ఆనించి ఉందేమో ఒకసారి చూడండి. ఎండ తగిలే చోట ఉంటే తీసి నీడన పెట్టండి. వేడికి మైనం మెత్తబడి మెట్లు జారతాయి, అపస్వరం పలుకుతుంది. దాంతో వీణ పాడైందనుకుని మూల పెట్టేస్తారు. చెక్క బాగానే ఉంటుంది. మా దగ్గరకు తెచ్చినా సరే, మీ దగ్గర్లో తెలిసినవాళ్లకు ఇచ్చినా సరే, మేళం కట్టించి మళ్లీ వాయించండి.