వాకిట్లో అతుకు

మొన్న జనవరి చివర్లో అడవులదీవి వెళ్ళాను. గేటు తీయగానే కనకాంబరాల కుండీ కనిపించింది. ఎప్పుడూ మెట్ల పక్కన ఉండేది, ఇప్పుడు పొయ్యి దగ్గర, నడిచే దారికి అడ్డంగా ఉంది. "ఇక్కడెందుకు పెట్టావమ్మా?" అంటే అమ్మ వినపడనట్టు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం నీళ్ళు పోయబోయి కుండీ జరిపాను. కింద పచ్చగడ్డిలో మూకుడంత నల్లటి మచ్చ. పోగులన్నీ కరిగి, గట్టిపడి, పెచ్చులా ఉన్నాయి.

అది ప్లాస్టిక్ గడ్డి. రెండేళ్ళ కింద అన్నయ్య వేయించాడు. అమ్మ ఇంక వంగి కళ్ళాపి చల్లక్కర్లేదని, పేడ కోసం ఎవర్నీ అడగక్కర్లేదని. మా బోరునీళ్ళు ఉప్పన. అసలు గడ్డి వేస్తే నెలకే మాడిపోయింది. అందుకని పచ్చ తివాచీ చుట్టలు చుట్టలుగా వచ్చింది. ఇద్దరు మనుషులు ఒక్క రోజులో పరిచి, కూలి తీసుకుని వెళ్ళారు.

సంక్రాంతికి అన్నయ్యవాళ్ళు వస్తున్నారని అమ్మ బయట పొయ్యి మీద అరిసెలు వండింది. వంటయ్యాక మూకుడు దించి, నలభై ఏళ్ళ అలవాటుగా పక్కనే నేల మీద పెట్టింది. మట్టి వాకిలి ఎంత వేడినైనా పుచ్చుకునేది. పాలిథిన్ పోగు వంద డిగ్రీలు దాటి కాస్త పైకి వెళ్తే చాలు, కరిగిపోతుంది. పండగ మూడు రోజులూ కొడుకు కంట పడకుండా కుండీ అడ్డం పెట్టింది.

"వాడు ఏమన్నా అంటాడని కాదే. ఏమీ అనకుండా చూస్తాడే, అదీ" అంది.

తన వాకిట్లో తనే, పలక పగలగొట్టుకున్న పిల్లలా. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. అన్నయ్య ప్రేమతోనే వేయించాడు. అమ్మా వద్దనలేదు. "మట్టి వాకిలే బావుండేది కదమ్మా" అని నేను నిట్టూరిస్తే, "పేడ వాసన నీకు సాహిత్యం, నాకు నడుం నొప్పి" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నా పరిశోధనలో పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీద ఒక అధ్యాయం ఉంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ అది. అదే పేరుతో 1995లో సంపుటి వచ్చింది. ఆ అధ్యాయం రాస్తున్నన్నాళ్ళూ అలకడమంటే నాకు బంధనానికి ఒక గుర్తు మాత్రమే. అది చేతికి వచ్చిన పని కూడా అని, దానికో లెక్క ఉంటుందని అమ్మని ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు అతుకు వేద్దామనుకున్నాం. మిగిలిన గడ్డి ముక్క అటక మీద ఉంది. అతుకు పట్టీ, జిగురు తెనాలి నుంచి తెప్పించాను. కాలినచోట ఇసుక దులిపి, అంచు మేకులు పీకి, గడ్డిని మడిచి, వెనక నుంచి కుట్టు వరసల మధ్యగా చదరంగా కోశాం. కోసిన ముక్కనే కొలతగా పెట్టి కొత్తది కత్తిరించాను. అమర్చి చూస్తే ముదురుగా, వేరే గడ్డిలా ఉంది. అమ్మ గేటు దాకా వెళ్ళి చూసి, "పోగులు అటు వాలినాయే, తిప్పు" అంది. తిప్పితే కలిసింది. పొద్దున్నే జిగురు రాయబోతే, "మంచు ఆరనీ" అని ఆపింది. జిగురు అంచుల మీదికి రాకుండా పట్టీ మీదే పల్చగా రాయమంది. "అలుకు పెచ్చు లేచినప్పుడూ అంతే. పాతదాని మీద కొత్తది ఎక్కిస్తే నిలవదు. వదులైనదంతా తీసేసి, అంచుకి అంచు కలపాలి." పైన సన్నికల్లు బరువు పెట్టి ఒక రోజు వదిలేశాం.

ఆ రోజంతా ఆ గడ్డిని చూస్తూ కూచున్నాను. 1965లో అమెరికాలో హ్యూస్టన్ నగరంలో పైకప్పు ఉన్న స్టేడియం కట్టారు. కప్పు పలకల మెరుపుకి ఆటగాళ్ళకి బంతి కనపడలేదు. పలకలకి రంగు పూస్తే లోపల గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చింది. ఎండా నీళ్ళూ అక్కర్లేని గడ్డి, ఇప్పుడు మండే ఎండల కోస్తా ఊళ్ళో పని అక్కర్లేని గడ్డిగా మా ఇంటికి వచ్చింది. కానీ పని లేకుండా పోయిందా? వేపాకులు పోగుల్లో ఇరుక్కుంటాయి, అమ్మ కొబ్బరి చీపురుతో దువ్వుతుంది. మధ్యాహ్నం అరికాళ్ళు కాలతాయి, చెంబుతో నీళ్ళు చల్లుతుంది. కళ్ళాపి పోలేదు, దాని పేరు పోయిందంతే. ముగ్గూ గొబ్బెమ్మలూ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి.

పరిచినవాళ్ళకి కూలి ఉంది, నిలబెట్టే చేతులకి లేదు. మియర్లే లేడర్‌మన్ యూకిలిస్ అనే కళాకారిణి 1969లో నిర్వహణ పనే కళ అని ఒక ప్రకటన రాసింది. 1973లో హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక మ్యూజియం మెట్లు అందరి ముందూ కడిగింది. అది నేను క్లాసులో చెప్పిన పాఠమే. అమ్మ చెంబు మాత్రం నాకు పాఠంలా కనపడటానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మే చెప్పింది. "మూకుడు పెట్టి కాల్చాన్రా. నేనూ చెల్లీ అతికేశాం. అతుకు కనపడుతుంది, వచ్చినప్పుడు చూద్దువుగాని." కాసేపు విని, "బాలేదని కాదు నాయనా. మెత్తగానే ఉంది. పొయ్యి చుట్టూ మాత్రం తీసేస్తాను, నాకక్కడ నేల కావాలి" అంది.

అటు నుంచి అన్నయ్య ఏమన్నాడో నాకు వినపడలేదు. అమ్మ ఫోన్ పెట్టేసి కుండీని మెట్ల దగ్గరికి జరపమంది. మర్నాడు, మంచు ఆరాక, కట్టర్ మళ్ళీ తీశాం.