అటెన్‌బరో వారి ఆడపిల్లలు

మొన్న టీవీలో 'గాంధీ' సినిమా మళ్లీ వేశారు. 1982లో వచ్చింది, మీరూ చూసే ఉంటారు. పేర్లు పడుతుంటే మా అమ్మాయి, "అమ్మా, ఈ రిచర్డ్ అటెన్‌బరో, జంతువుల గురించి చెప్పే డేవిడ్ అటెన్‌బరో చుట్టాలా?" అంది. అన్నదమ్ములేనన్నాను. "అటెన్‌బరో అంటే ఏమిటి మరి?" అంది. పోపు మాడుతోందని తప్పించుకున్నాను గానీ ఆ పేరు నన్ను వదల్లేదు.

చదివితే తెలిసింది, అది ఊరి పేరండీ! ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పక్కన, ట్రెంట్ నది దగ్గర ఉంది ఆ ఊరు. 'బరో' అంటే పాత ఇంగ్లీషులో కోట. ముందున్న ముక్క ఎవరో ఆసామి పేరు. ఊరు వదిలి వెళ్లినవాళ్లకి ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. మనకి టంగుటూరి వారు, కందుకూరి వారు లేరూ? అచ్చం అలాగే. స్మిత్ అంటే కమ్మరి. కమ్మరి లేని ఊరేది? అందుకే స్మిత్‌లు దేశమంతా ఉన్నారు. అటెన్‌బరోలు మాత్రం అరుదు.

లెస్టర్ యూనివర్సిటీలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే ఇద్దరు 40 ఇంటిపేర్లు తీసుకుని, 1600 మందికి పైగా మగవాళ్లని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్‌ని చూశారన్నమాట. స్మిత్‌లలో ఒకరికొకరికి పోలికే లేదు. అటెన్‌బరోలలో పదిమందిలో దాదాపు 9 మందిది ఒకటే! మొదట్లో ఆ పేరువాళ్లు ఎందరున్నా, కొడుకులు లేని ఇళ్లలో పేరు ఆగిపోయి, చివరికి ఒక్క తాత సంతానమే మిగిలిందనుకోవచ్చట. ఇలా పేర్లు ఎలా అంతరిస్తాయో 1874లోనే గాల్టన్ అనే ఆయన, వాట్సన్ అనే పాదిరీగారు కలిసి లెక్క కట్టారు.

ఇక్కడే నా మనసు చివుక్కుమంది. మేం ముగ్గురం ఆడపిల్లలం. నాన్నగారికి అన్నదమ్ముల్లేరు. నా రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో అత్తవారి ఇంటిపేరే. పుట్టింటి పేరు రాసి ఎన్నేళ్లయిందో! ఆడవాళ్లకి ఆ క్రోమోజోమ్ ఉండదు కాబట్టి ఆ పరీక్షలో వాళ్ల మాటే రాలేదు. అటెన్‌బరో ఇళ్లలో పుట్టి, స్మిత్‌ల ఇళ్లకి కోడళ్లయి వెళ్లినవాళ్ల పిల్లలది ఆ రక్తం కాదూ?

రాత్రి అన్నాలయ్యాక అమ్మాయికి ఇదంతా చెప్పి, వాళ్ల తాతయ్య ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా చెప్పాను. రెండుసార్లు పైకి అని చూసుకుంది. "బావుందే! నా నోటుబుక్కు మీద రాసుకోనా?" అంది.